రాజీనామా అనగా

1985 మార్చి 2, శనివారం

మా లాయరు ఖలీల్ సాహెబు ఇవాళ నన్ను లోపలికి పిలిచి, తలుపు మూసి, ఏదో దేవరహస్యం చెప్పబోయేవాడిలా మొహం పెట్టి, "సోమేశ్వర్, ఈ దీవిలో మీ భాషవాళ్ళు ఎంతమంది ఉంటారు?" అని అడిగాడు. నేనేమైనా జనాభా లెక్కలవాణ్ణా? "చాలామందే సార్" అన్నాను. మా ఇద్దరి మధ్యా ఇంగ్లీషే. "వాళ్ళలో ఒక్కడైనా మన మెట్లెక్కాడా?" అన్నాడు. ఎక్కలేదు. ఎదురు వీధి లాయరు దగ్గర మలయాళీ గుమాస్తా ఉన్నాడట, అందుకని మలయాళీలందరూ అక్కడికే పోతున్నారట. ఈయన దగ్గర తెలుగు గుమాస్తా ఉన్నాడు కనక తెలుగువాళ్ళందరూ ఈయన దగ్గరికి రావాలట. ఆ గుమాస్తా నేనే.

రంజాను లోపల తెలుగు కేసులు రాకపోతే నా కుర్చీలో మలయాళం వచ్చినవాణ్ణి కూర్చోబెడతాడట. అదీ నవ్వుతూనే చెప్పాడు. కైరోలో చదివాడు, లండన్‌లో చదివాడు. నవ్వుతూ పీక నొక్కడం ఏ ఊళ్ళో నేర్పారో మరి.

బి.ఎల్. రెండేళ్ళు చదివినవాణ్ణి నేను. పరీక్షలు రాయకపోవడానికి కారణాలు వేరు, అవి ఇక్కడ రాయక్కర్లేదు. అలాంటి నేను ఇప్పుడు క్యాంపుల చుట్టూ తిరిగి "వ్యాజ్యాలమ్మా వ్యాజ్యాలు" అని కేకలేయాలి. కాకినాడలో జామకాయలమ్మే మనిషికి ఇంతకంటే పరువుంది.

మార్చి 4, సోమవారం

కరపత్రం రాశాను. ఈ దేశంలో తెలుగు అచ్చు ఎక్కడా లేదు కాబట్టి చేత్తోనే రాసి ఆఫీసు మిషను మీద కాపీలు తీశాను. నా దస్తూరీ ఇప్పటికీ ముత్యాలే, దాన్ని మాత్రం బహ్రెయిన్ పాడుచేయలేకపోయింది.

"శ్రామిక సోదరులారా! మీ హక్కులకు భంగము వాటిల్లినదా? మనామా నగరమందలి ప్రఖ్యాత న్యాయవాది సేవలు ఇప్పుడు తెలుగువారికి అందుబాటులో కలవు. ఉచితముగా సంప్రదింపుడు. కేసులు వేయబడును."

చదువుకుని నేనే ముచ్చటపడ్డాను. గదికి తీసుకెళ్ళి ప్రేమయ్యకు చూపించాను. ఈ ప్రేమయ్య హూరాలో నా గదిలో రెండో మంచం మనిషి. నరసాపురం వైపువాడు, అవాలిలో ఆయిలు కంపెనీవాళ్ళ బస్సు నడుపుతాడు, శుక్రవారాలు తెలుగు ప్రార్థన కూటం నడుపుతాడు, మిగతా అన్ని రోజులూ నా సబ్బు వాడతాడు. కాగితం వెలుగులో పట్టుకుని పెదవులు కదుపుతూ చదివాడు.

"బాగుందండీ, బైబిల్లాగుంది" అన్నాడు.

అది పొగడ్తే అనుకుంటాను.

మార్చి 8, శుక్రవారం

మీనా సల్మాన్ రేవు పక్కన క్యాంపుకి వెళ్ళాను. ఓడల రిపేరు షెడ్లలో పనిచేసే జనం. సెలవు రోజు కదా, అందరూ బయటే ఉన్నారు. ఒకడు గడ్డం గీసుకుంటున్నాడు, ఒకడు చేపలు తోముతున్నాడు, మిగతావాళ్ళు ఆ ఇద్దరినీ చూస్తున్నారు. దాదాపు అందరూ తెలంగాణావాళ్ళు. వాళ్ళు మాట్లాడేదాన్ని తెలుగనడానికి నాకు నోరు రాదు. సగం ఉర్దూ, సగం దీర్ఘాలు, క్రియ ఎక్కడ ఉందో పోలీసులే వెతకాలి. పైగా ఉంటున్నది బహ్రెయిన్ అయితే దుబాయి అంటారు. "సారూ, మీరు దుబాయి ఎప్పుడొచ్చిన్రు?" అని ఒకడు అడిగాడు. ఇంకా రాలేదయ్యా అన్నాను. వాడికి ఎక్కలేదు.

కాగితాలు పంచాను. గుంపులో కాస్త చదువొచ్చినవాడు ఒకడు లేచి గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. హక్కులు, భంగము, వాటిల్లుట అన్నీ ఎగరగొట్టేసి ఆఖరి ముక్క దగ్గర ఆగాడు. "కే-సు-లు వే-య-బ-డు-ను." మళ్ళీ చదివాడు. గడ్డం గీసుకునేవాడి చెయ్యి అలాగే ఆగిపోయింది.

"మా మీదనా సారూ?" అన్నాడు చేపలవాడు. "మేమేం జేసినం?"

నేను నవ్వాను. అదే పొరపాటైంది. నవ్వే సారు ఇంకా ప్రమాదం అనుకున్నారు కాబోలు. కర్మణి ప్రయోగం గురించి వివరించబోయాను. వాళ్ళు ఒక్కొక్కడే లుంగీ ఎగ్గట్టుకుని లోపలికి జారుకున్నారు. వెళ్తుంటే చూశాను, నా ముత్యాల దస్తూరీ మీద చేపలు పరిచి ఉన్నాయి.

మార్చి 9

వీళ్ళకు న్యాయం ఎందుకు? ముందు అక్షరాలు కావాలి.

మార్చి 15, శుక్రవారం

ప్రేమయ్య ప్రార్థన కూటంలో నా గురించి చెబుతానన్నాడు. వెళ్ళాను. అక్కడ కోస్తావాళ్ళే ఎక్కువ, ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు, ఒకరిద్దరు డ్రైవర్లు. పాట అయ్యాక ప్రేమయ్య లేచి, "సోమేశ్వరరావుగారు లాయరుగారి ఆఫీసండి. మనవాళ్ళకి కష్టం వస్తే మన భాషలోనే చెప్పుకోవచ్చండి. ఈయన మంచోరేనండి" అన్నాడు. ఆ "మంచోరే" లోని ఏకారం నాకు నచ్చలేదు.

ఒక్కరూ కేసు తేలేదు. అందరూ కళ్ళు మూసుకుని నా కోసం ప్రార్థన చేశారు. నాకేం జబ్బని? టీ మాత్రం బాగుంది.

మార్చి 20, బుధవారం

వచ్చింది! మొదటి తెలుగు కేసు. కరపత్రం వల్ల కాదు, సరే. ప్రేమయ్యే ఆస్పత్రి మెట్ల మీద కూర్చున్నవాణ్ణి చూసి బస్సులో ఎక్కించుకొచ్చాడు.

పేరు లింగన్న. జగిత్యాల దగ్గర ఏదో పల్లె. భారీ మనిషి, కుడిచేయి మోచేతి దాకా కట్టు. షెడ్డులో ఇనప రేకు జారి అరచేతి మీద పడింది. ఒక ఆపరేషన్ అయింది. మూడు నెలలు ఆగి ఇంకోటి చేస్తే వేళ్ళు మళ్ళీ ముడుచుకుంటాయని డాక్టరు చెప్పాడట. కంపెనీ ఈలోపే ఇంటికి పంపేస్తానంటోంది. "ఈ డాక్టరే జెయ్యాలె సారూ. ఏ నరం యాడున్నదో ఆయనకే ఎర్క. ఇంటికి పోతే ఇగ గీ చెయ్యి గింతే" అని కట్టు ఎత్తి చూపించాడు. ఖలీల్ కేసు తీసుకున్నాడు. ఆపరేషన్ అయ్యేదాకా మనిషిని దేశం దాటించకూడదని లేబర్ ఆఫీసులో అర్జీ.

చిన్న విషయమే. కానీ ఇది రాబట్టడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ప్రమాదం ఎలా జరిగింది అని అడిగితే ఆ రోజు పొద్దున ఏం కూర తిన్నాడో చెప్పాడు, ఆ కూర ఎవరు వండారో చెప్పాడు, వండినవాడి బావమరిది ఏ ఊళ్ళో ఉంటాడో చెప్పాడు. ఖలీల్ పెన్ను పట్టుకుని నా మొహం చూస్తున్నాడు. "ఇంతసేపు ఏమంటున్నాడు?" అని రెండుసార్లు అడిగాడు. "ఏమీ లేదు సార్" అన్నాను. నిజంగానే ఏమీ లేదు. చివరికి లింగన్నతో గట్టిగానే చెప్పాను: "ఇదిగో, అడిగినదానికే జవాబు చెప్పు. కథలు వద్దు. లాయరుగారి టైము నీ అబ్బసొత్తు కాదు." గంగిరెద్దులా తలూపాడు. అర్థమైందనే అనుకుంటున్నాను.

మార్చి 28

కంపెనీకి నోటీసు అందింది. వాళ్ళ మేనేజరు, ఓ లెబనాన్ ఆయన, ఫోనులో ఖలీల్ మీద అరిచాడట. ఖలీల్ చెబుతూ పకపకా నవ్వాడు. నాకూ టీ తెప్పించాడు, మొట్టమొదటిసారి.

ఎదురు వీధి మలయాళీ గుమాస్తా లేబర్ ఆఫీసు లిఫ్టు దగ్గర పలకరించాడు. తలాడించాను, మాట్లాడలేదు.

ఏప్రిల్ 6, శనివారం

కథ ముగిసింది. అదీ ఎంత హాస్యంగా ముగిసిందో రాసుకోవాలి.

పదింటికి లింగన్న వచ్చాడు. మొహం చాటంత చేసుకుని వచ్చాడు. నేను ఖలీల్ గదిలోకి తీసుకెళ్ళాను. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సారూ, కంపెనోళ్ళు రాజీనామాకొచ్చిన్రు. నేను గూడ సరేనన్న. జల్ది రాజీనామ రాయించుండ్రి" అన్నాడు.

నా చెవులను నేనే నమ్మలేదు. ఇంత గొడవ చేసి, అర్జీ పెట్టించి, నోటీసు పంపించి, తీరా వాళ్ళు వచ్చి అడగ్గానే ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేస్తాడట! "ఎందుకయ్యా?" అన్నాను.

"లొల్లి ఎందుకు సారూ. పెద్ద మేనేజర్ మా రూముకే వచ్చిండు. చెయ్యి గిట్లున్నది గదా అని, ఆ గోదాము కాడ..."

"కథలొద్దన్నానా?" అన్నాను. "రాజీనామాకు ఒప్పుకున్నావా లేదా? అది చెప్పు."

"ఒప్పుకున్న సారూ."

"ఏమంటున్నాడు?" అన్నాడు ఖలీల్.

"రిజైన్ చేస్తాడట సార్."

ఖలీల్ కుర్చీలో వెనక్కి వాలాడు. "ఆపరేషన్ సంగతి? ఇంకోసారి అడుగు. సరిగ్గా అడుగు" అన్నాడు. అడిగాను. నా మనస్సాక్షికి తెలుసు, సరిగ్గానే అడిగాను. "లింగన్నా, రాజీనామాయేనా?" "గంతే సారూ, రాజీనామే. ఇగ ఖలాస్." వాడి నోటితో వాడే అన్నాడు.

ఖలీల్ భుజాలెగరేసి అరబ్బీలో రాయించాడు. లింగన్న ఎడమచేతి వేలిముద్ర వేశాడు. వేసి, ఆ వేలికి సిరా అలాగే ఉంచుకుని ఇద్దరికీ దండం పెట్టాడు. వెళ్ళేటప్పుడు నాతో, "మీ రునం తీర్సుకోలేను సారూ" అన్నాడు. తీర్చుకోనక్కర్లేదు బాబూ, ఇంకోసారి రాకుండా ఉంటే చాలు.

ఇలాంటివాళ్ళకు లాయరెందుకు, డాక్టరెందుకు? చెయ్యి తీసుకెళ్ళి వాళ్ళ చేతిలో పెట్టి వచ్చాడు. నాకు జాలి కూడా కలగలేదు.

ఏప్రిల్ 7

ఖలీల్ మొహం ముడుచుకునే ఉన్నాడు. "నీ మనుషులు విచిత్రమైన మనుషులు" అన్నాడు. నా మనుషులు కారు సార్ అన్నాను. మాది వేరే ప్రాంతం అన్నాను.

ఏప్రిల్ 12, శుక్రవారం

ఎలా రాయాలో తెలియడం లేదు. వరసగా రాస్తాను.

మధ్యాహ్నం భోజనం చేసి పడుకోబోతుంటే తలుపు కొట్టారు. లింగన్న. ప్రేమయ్య కూటానికి వెళ్ళాడు, గదిలో నేనొక్కణ్ణే. లింగన్న లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. కంపెనీ తన వీసా రద్దు చేయించిందట, మంగళవారానికి విమానం టికెట్ తీసిందట.

"రాజీనామ అయినంక గూడ ఎట్ల పంపుతరు సారూ?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "రాజీనామా ఇచ్చాక పంపకుండా ఇక్కడ ఉంచుకుని మేపుతారా?" అన్నాను.

"అది కాదు సారూ. మేనేజరే జబాన్ ఇచ్చిండు గద. నువ్వు కేసు బంద్ చెయ్యి, మేం నిన్ను పంపం, గోదాము కాడ వాచ్‌మన్ డ్యూటీ చేసుకో, మూడు నెల్లాగి ఆపరేషన్ చేయించుకో అన్నడు. రాజీ చేసుకున్నం. మీ ముంగటనే రాజీనామ రాసిచ్చిన. మా ఊర్ల గూడ పెద్దమనుషుల ముంగట గట్లనే రాస్తరు. రాసినంక మాట తప్పుతే ఎట్ల?"

రాజీ. రాజీనామా. రాజీ పడ్డట్టు రాసుకునే కాగితం. నేను ఈ జన్మలో ఎన్ని ఉద్యోగాలకు రాజీనామాలు రాశాను! ఆ మాటలో రాజీ ఉందని ఒక్కసారీ కనబడలేదు. వీళ్ళ వైపు నిజాం కాలం నుంచీ కచేరీల్లో ఇలాగే అంటున్నారేమో, నాకెలా తెలుస్తుంది? మా కాకినాడలో రాజీనామా అంటే రాజీనామాయే.

గోదాము దగ్గర అని మొదలుపెట్టాడు. నేనే ఆపాను.

ఏమీ తెలియనట్టు అడిగాను, "మరి కంపెనీ ఏమంటోంది?" అని. "నీ వకీలే రాసిచ్చిండు, పో అంటున్నరు" అన్నాడు. "వాళ్ళు మోసం జేసిన్రు సారూ. కాయిదం మార్చిన్రు. మీరు జర లాయర్ సాబుకు చెప్పుండ్రి, మల్ల రాయమనుండ్రి." కట్టు మీద ఎడమ చెయ్యి వేసి నిమురుతూ నిలబడ్డాడు, చంటిపిల్లను పట్టుకున్నట్టు.

చెబుతానన్నాను. రేపు పొద్దున్నే చెబుతానన్నాను. నిజంగానే చెబుతాను. తర్జుమాదారు పొరపాటు అని ఖలీల్ ఒక్క వాక్యం రాస్తే చాలు.

ఏప్రిల్ 13, శనివారం

చెప్పడానికే వెళ్ళాను. తలుపు తోసేసరికి ఖలీల్ ఎవరో పెద్దమనిషితో కాఫీ తాగుతున్నాడు. నన్ను చూసి, "రా, రా, ఇతనే నా తెలుగు నాలుక" అని పరిచయం చేశాడు. ఆ పెద్దమనిషి లేచి చెయ్యి కలిపాడు. ఈ దేశంలో ఒక అరబ్బు పెద్దమనిషి నా కోసం కుర్చీలోంచి లేవడం ఇదే మొదలు. ఆ క్షణంలో ఏం చెప్పను? నాలుక తప్పు పలికింది అని చెప్పనా?

మధ్యాహ్నం చెబుదామనుకున్నాను. మధ్యాహ్నం ఆయన కోర్టుకి వెళ్ళిపోయాడు.

ఏప్రిల్ 14

ఖలీల్ ఉన్నాడు. పన్ను నొప్పిగా ఉందన్నాడు. పన్ను నొప్పిగా ఉన్నవాడికి ఏం చెబుతాం.

ఆపరేషన్ హైదరాబాదులో కూడా చేస్తారు. అక్కడ డాక్టర్లు లేరా?

ఏప్రిల్ 15

హైదరాబాదులో చాలా మంచి డాక్టర్లున్నారు.

ఏప్రిల్ 16, మంగళవారం

లింగన్నను ప్రేమయ్య ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్ళాడు. నన్ను రమ్మంటే ఆఫీసుందన్నాను. ఆఫీసు నిజంగానే ఉంది.

సాయంత్రం తిరిగొచ్చి మంచం మీద కూలబడ్డాడు. బూట్లు కూడా విప్పలేదు. "కంపెనీ వాళ్ళు ఎంత దుర్మార్గులండి బాబూ. మాటిచ్చి పంపేశారు" అన్నాడు.

"ఏమన్నాడు?" అన్నాను.

"మిమ్మల్ని ఒక్క మాట అనలేదండి. పైగా క్యాంపు వాళ్ళందరితోనూ మీ గురించే చెప్పాడండి. మన కోసం కంపెనీ మీదికి కాగితం పంపిన మొనగాడు ఆ సారొక్కడే అన్నాడండి." ఇప్పుడు బూట్లు విప్పుతూ, "టీ గ్లాసు కూడా ఎడం చేత్తోనే పట్టుకుంటున్నాడండి. ఒలికిపోయింది. నేనే తుడిచాను" అన్నాడు.

నేను స్నానానికి వెళ్ళాను. సబ్బు అరిగిపోయి బిళ్ళలా ఉంది. ఈ ప్రేమయ్యకు ఒక సబ్బు కొనుక్కోవడానికి ఏం వచ్చింది? అరిచాను. బాత్రూములోంచే చాలాసేపు అరిచాను. ప్రేమయ్య తలుపవతల నిలబడి "పొరపాటైందండి, పొరపాటైందండి" అంటూనే ఉన్నాడు. ఆ మాట వినలేక నీళ్ళు పెద్దగా తిప్పాను.

ఏప్రిల్ 17

అతను కూడా సరిగ్గా చెప్పాలి కదా. రాజీ అంటే రాజీ అనాలి. తెలుగంటే తెలుగు మాట్లాడాలి. భాష రానివాడు నష్టపోతాడు, అది నా చేతిలో లేదు.

ఏప్రిల్ 18

భాష రానివాడు ఎవరు అని ఎవరైనా అడిగితే?

ఎవరడుగుతారు.

ఏప్రిల్ 22, సోమవారం

ఇవాళ నలుగురు వచ్చారు. నలుగురూ మీనా సల్మాన్ క్యాంపువాళ్ళు. ఆ గడ్డం గీసుకునేవాడూ ఉన్నాడు. లింగన్న చెబితే వచ్చామన్నారు. ముందు కేసంటే పారిపోయినవాళ్ళు, ఇప్పుడు బెంచీ మీద వరసగా చేతులు కట్టుకుని కూర్చున్నారు.

ఖలీల్ ఉబ్బితబ్బిబ్బయ్యాడు. "ఎలా తెచ్చావు?" అన్నాడు. మార్కెటింగ్ సార్ అన్నాను. ఆ మాట ఆయనకు చాలా నచ్చింది. ఇంకో నెలలో ఇంకో గుమాస్తాను వేసి నన్ను పై కుర్చీలోకి మారుస్తాడట. ఎదురు వీధి మలయాళీ ఇవాళ తనంతట తనే వచ్చి, మీ పద్ధతి ఏమిటో మాకూ చెప్పండి అన్నాడు.

చెప్పవలసిందే. ముందు ఒకణ్ణి ముంచాలి. వాడు మంచివాడై ఉండాలి.

పై రెండు ముక్కలూ కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ. నేను తప్ప ఎవరు చదువుతారు.

ఏప్రిల్ 25

వీళ్ళు చెప్పేది మొత్తం వింటున్నాను. కూర దగ్గర నుంచీ, బావమరిది దగ్గర నుంచీ. ఖలీల్ విసుక్కుంటున్నాడు. విసుక్కోనీ. వినడం నాకేం ఇష్టమై కాదు, ఒళ్ళంతా తేళ్ళు పాకినట్టుంది. కానీ మధ్యలో ఆపడానికి నోరు రావడం లేదు.

ప్రేమయ్యకు సబ్బు కొనిచ్చాను. ఎందుకండీ అన్నాడు. ఊరికే అన్నాను.

ఏప్రిల్ 29, సోమవారం

మొన్న కేసు ఇచ్చిపోయిన గంగన్న అనేవాడు మళ్ళీ వచ్చాడు. తాపీ మేస్త్రీ, సన్నగా పొట్టిగా ఉంటాడు, వినయం ఎక్కువ. బయట బెంచీ మీదే వాడి గొడవంతా విన్నాను. నాలుగేళ్ళుగా కఫీల్, అంటే వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమాని, సెలవివ్వలేదు. పాస్‌పోర్టు ఆయన దగ్గరే ఉంది. పోయిన వారం మేం నోటీసు పంపాం. నిన్న ఆ కఫీల్ దిగొచ్చాడట: రెండు నెలలు ఇంటికి పోయి రా, నీ పని నీకే ఉంటుంది, కేసు మాత్రం తీసెయ్యి అన్నాడట. గంగన్నకు పెళ్ళయి వచ్చేశాక పుట్టిన కూతురుంది. ఇంతవరకూ చూడలేదు. "చూసి మల్ల వస్త సారూ. మల్ల రాకపోతే మాత్రం బతుకు లేదు" అన్నాడు. అంతా విన్నాను. అంతా అర్థమైంది.

లోపలికి తీసుకెళ్ళాను. ఖలీల్ మంచి హుషారుగా ఉన్నాడు. గంగన్న దండం పెట్టి, నాతో చెప్పినదంతా వదిలేసి, ఒక్కటే ముక్క అన్నాడు.

"కఫీల్ రాజీనామాకొచ్చిండు సారూ. నాకు గూడ లింగన్నకు జేసినట్టే రాజీనామ రాయించుండ్రి."

నేను నోరు తెరిచేలోపే ఖలీల్ వేలెత్తాడు. మొహం వెలిగిపోతోంది. "ఆగు, ఆగు. రాజీనామా! ఈ మాట నాకొచ్చు. రిజైన్, అవునా?" అన్నాడు. మొదటి తెలుగు మాట నేర్చుకున్న ఆనందం. గంగన్నకైతే ఆనందం పట్టలేదు. అరబ్బు లాయరు నోట తన మాట! "గదే సారూ, గదే! రాజీనామ!" అని చేతులు జోడించి ఊగిపోయాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వుతున్నారు. ఖలీల్ కాగితం ముందుకు లాక్కుని అరబ్బీలో మొదలుపెట్టాడు.

నేను ఏమీ అనక్కర్లేదు. అంతా వాళ్ళిద్దరే చేసుకుంటున్నారు. నేను అబద్ధం కూడా ఆడక్కర్లేదు, నిలబడితే చాలు. వచ్చే నెల పై కుర్చీ. గంగన్న కూడా కఫీల్‌నే తిట్టుకుంటాడు, నన్ను తిట్టడు. ఇంకో నలుగురిని పంపుతాడు. ఇదంతా రెప్పపాటులో తోచింది, తోచిందని రాయడానికి అసహ్యంగా ఉంది.

"కాదు సార్" అన్నాను.

"ఏమిటి కాదు?"

"రిజైన్ కాదు. రాజీ. సెటిల్‌మెంట్."

పెన్ను ఆగింది. ఖలీల్ నా వంకా గంగన్న వంకా చూశాడు. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు. నేను ఆయన్ని ఇన్నాళ్ళూ సూటూ బూటూ వేసిన మొద్దు అనుకున్నాను. మొద్దు కాదు. మెల్లగా, చాలా మెల్లగా, "మరి లింగన్న?" అన్నాడు.

నాలుక దానంతటదే తిరిగింది. "అతనిది వేరే జిల్లా సార్. అక్కడ ఆ మాటకు అర్థం వేరు."

ఖలీల్ తలూపాడు. నమ్మాడో, నమ్మాలనుకున్నాడో. నాకు ఊపిరి వచ్చింది. పెన్ను మళ్ళీ కాగితం మీద పెట్టాడు కూడా.

అప్పుడు గంగన్న, మా ఇంగ్లీషులో ఒక్క ముక్కా తెలియని గంగన్న, ఆ ఒక్క పేరు పట్టుకున్నాడు.

"లింగన్ననా సారూ?" అన్నాడు సంబరంగా. "మాది వానిది ఒక్కటే ఊరు. గోడ పక్క గోడ. నిన్న ఊర్లకెల్లి ఉత్తరం గూడ వచ్చింది. చెయ్యి గట్టిపడిపోయిందంట, ఇగ ముడవదని చెప్పిన్రంట."

ఖలీల్ తలెత్తాడు.

"ఏమంటున్నాడు?"

గంగన్న నా వంక చూస్తున్నాడు, తన మాట అటు చేరాలని. ఖలీల్ నా వంక చూస్తున్నాడు. గదిలో ఆ రెండు భాషలూ వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే.

"ఇద్దరిదీ ఒకే ఊరట సార్" అన్నాను. "పక్కపక్క ఇళ్ళు. ఆ చెయ్యి ఇక పనికిరాదట."